ఏడో పెట్టెలో నాలుగో అద్దం

మణుగూరు నుంచి భద్రాచలం వైపు పోయే దారిలో, అడవి అంచున ఒక చిన్న మ్యూజియం ఉంది. తండాల్లో, గూడేల్లో సేకరించిన వస్తువులన్నీ అందులో గాజు పెట్టెల్లో పెట్టారు. జనానికి తలుపులు తెరిచేది పదింటికి. చాంది మాత్రం ఏడున్నరకే వస్తుంది. నీలం యూనిఫాం చీర, చేతిలో బకెట్టు, చీపురు, ఒక మెత్తటి పాత గుడ్డ. ముందు నేల ఊడవాలని, ఆ తర్వాతే గాజులు తుడవాలని, ఆమెను పనికి పంపిన కాంట్రాక్టు ఏజెన్సీ వాళ్లు చేరిన రోజే చెప్పారు. పదకొండేళ్లుగా చాంది ఆ వరస పాటించలేదు. చీపురు గోడకు ఆనించి నేరుగా ఏడో పెట్టె దగ్గరికి పోతుంది.

ఏడో పెట్టెలో ఒక పాత ఫేటియా ఉంది. లంబాడీ ఆడవాళ్లు కట్టుకునే కుచ్చుల లంగా అది. ఎర్ర బట్ట రంగు దిగిపోయి ఇటుక పొడిలా అయింది గానీ దానిమీద అద్దాలు మాత్రం ఇప్పటికీ మెరుస్తాయి. తూర్పు కిటికీలోంచి ఎండ వాటిమీద పడగానే గది నిండా వెలుగు చుక్కలు లేస్తాయి. గోడమీద, పైకప్పుమీద, బకెట్టులో నీళ్లమీద, చాంది మెడమీద. కొంచెం కదిలితే అవీ కదులుతాయి. ఆ అద్దాలు బజార్లో దొరికే గుండ్రటి బిళ్లలు కావు, ఒక్కోటి ఒక్కో ఆకారం. చాంది వంగి చూస్తే ఒకదాంట్లో కన్ను కనబడుతుంది, ఒకదాంట్లో ముక్కుపుడక, ఒకదాంట్లో నెరిసిన పాపిడి. ముఖం మొత్తం ఏ అద్దంలోనూ దొరకదు. అలా చూస్తూ ఉంటే తను ఎక్కడుందో మరిచిపోతుంది. కుచ్చులు కదిలిన చప్పుడు వినబడుతుంది, ఎవరో వాకిట్లోకి నడిచి వస్తున్నట్టు. కాసేపటికి అది సీలింగు ఫ్యాను చప్పుడని తెలుస్తుంది.

అప్పుడు లెక్కపెడుతుంది. ఉన్న అద్దాలను కాదు, లేనివాటిని. ఒకటి, రెండు, మూడు. మూడు చోట్ల అద్దం లేదు, నల్లదారంతో అడ్డంగా, నిలువుగా కుట్టేసి ఉంది. మూడు లెక్క కాగానే చాందికి ఊపిరి ఆడుతుంది. అంతే, చీపురు తీసుకుని పనిలో పడిపోతుంది.

పిచ్చిదా ఏంటి ఈమె, అని మీరు అనుకోవచ్చు. ఆగండి. ఆ ఫేటియా చాంది వాళ్లమ్మది.

వాళ్లమ్మ పేరు సక్రి. లంబాడీ మాటలో అమ్మను యాడి అంటారు, చాంది కూడా అలానే అంటుంది. తల్లాడ దాటాక లోపలికి ఉన్న ఒక తండా వాళ్లది. చాందికి ఏడేళ్లప్పుడు ఇంట్లో ఒక నిలువుటద్దం ఉండేది. ఇంటికి అదొక్కటే గొప్ప వస్తువు. దాని ముందు గంతులేస్తూ చాంది దాన్ని కిందపడేసింది. సక్రి బిడ్డను చింత బరికెతో వాయగొట్టి, తర్వాత తనే కూర్చుని ఏడ్చి, ఆ ముక్కలన్నీ ఏరి కొడవలి మొనతో చిన్నచిన్నగా కొట్టి ఫేటియా మీద కుట్టుకుంది. మిగిలిన కొన్ని తన అక్కకు ఇచ్చింది. తండాలో మిగతా ఆడవాళ్లవి గుండ్రటి అద్దాలైతే సక్రివి మాత్రం మూడు మూలలవీ, నాలుగు మూలలవీ, ఏ లెక్కకూ రానివీ. ఎండలో నడుస్తుంటే సక్రి ఎంత దూరాన ఉన్నా ఇట్టే తెలిసిపోయేది. "నువ్వు పగలగొట్టిందే నాకు సింగారమైంది" అని బిడ్డను ఆటపట్టించేది.

ఆ తర్వాతి ఏళ్లలో చాందికి వెనక ఇంకో ముగ్గురు పుట్టారు. ముగ్గురూ నడక రాకుండానే పోయారు. జ్వరానికి ఒకరు, వాంతులకు ఒకరు, ఎందుకో తెలియకుండా ఒకరు. దవాఖానా ఎక్కడో ఉండేది. ఒక్కో బిడ్డ పోయినప్పుడల్లా సక్రి తన ఫేటియా నుంచి ఒక అద్దం ఊడదీసి, ఆ చోటును నల్లదారంతో మూసేసింది. ఇది వాళ్ల తండా ఆచారం కాదు, వాళ్ల కులంలో ఎక్కడా లేదు. సక్రి సొంత పద్ధతి. ఎందుకలా చేస్తావని అడిగితే, బిడ్డ ఉన్న చోటులో ఇంకోటి మెరవకూడదంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

పద్దెనిమిదేళ్లప్పుడు చాంది గోప్యాతో వెళ్లిపోయింది. గోప్యా వేరే తండావాడు, రోడ్డు పనికి వచ్చినవాడు. సక్రి తన తమ్ముడి కొడుక్కి బిడ్డను ఇస్తానని మాట ఇచ్చి ఉంది. మాట పోయింది, పరువు పోయింది. సక్రి తండా నడిమధ్య నిలబడి అందరూ వినేలా ఒక మాట అన్నది. "నాకు నలుగురు పుట్టిన్రు. నలుగురూ పోయిన్రు." ఆ మాట నోటినోటా చాంది దగ్గరికి వచ్చింది. అప్పటి నుంచీ ఆమె గుండెలో అది ముల్లులా ఉండిపోయింది. ఒకసారి తండా దాకా పోయింది కూడా. సక్రి తలుపు తీయలేదు. ఆ తర్వాత ఒక వానాకాలంలో సక్రి చనిపోయింది. కబురు చాందికి పదో రోజు దాటాక అందింది.

ఆ ముందే, ఒక కరువేడు, జీపులో కొందరు వచ్చి తండాల్లో పాత బట్టలూ నగలూ సేకరించుకుపోయారని, సక్రి తన ఫేటియా వాళ్లకు ఇచ్చేసిందని చాంది విన్నది. ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. ఎన్నో ఏళ్ల తర్వాత ఏజెన్సీ వాళ్లు ఊడ్చే పనికని ఈ మ్యూజియానికి పంపితే, మొదటి రోజు, చీపురు పట్టుకుని ఏడో పెట్టె దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. ఎదురుగా యాడి ఫేటియా. పక్కన ఒక చీటీ. చాందికి చదువు రాదు. బడి పిల్లలు వచ్చినప్పుడు ఒక పాప పైకి చదివితే విన్నది. "లంబాడీ స్త్రీల దుస్తులు. తయారుచేసినవారు: తెలియదు."

తెలియదట. ఆమె బిడ్డ చీపురు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

మరి చెప్పొచ్చు కదా అంటారు. ఎవరికి చెబుతుంది? గోప్యా ఒక్కడికే చెప్పింది. చెబితే వస్తువు కోసం వచ్చావంటారు, పని పోతుంది అన్నాడు గోప్యా. అదొకటే కాదు. నన్ను చచ్చినదాని లెక్కలో వేసిన తల్లిది ఇది అని ఏ నోటితో చెబుతుంది? అయితే మొదటి రోజే ఆమె లెక్కపెట్టింది. నల్లదారం మూడు చోట్లే ఉంది. నాలుగోది లేదు. అంటే యాడి నోటితో అన్నదే గానీ చేత్తో కుట్టలేదు. ఎవరికీ అక్కరలేని ఈ చిన్న లెక్కే చాందికి పదకొండేళ్ల అన్నం అయింది. రోజూ పొద్దున్నే ఒకటి, రెండు, మూడు.

ఇక ఆ మ్యూజియం సంగతి. పనిచేసేవాళ్లు పద్నాలుగు మంది. అందులో తండాల నుంచి, గూడేల నుంచి వచ్చినవాళ్లు ముగ్గురు. ఒకరు ఊడుస్తారు, ఒకరు గేటు దగ్గర ఉంటారు, ఒకరు మొక్కలకు నీళ్లు పోస్తారు. గాజు పెట్టెల్లో వీళ్లే, చీపురు దగ్గరా వీళ్లే. మధ్యలో బల్లలు, కుర్చీలు, ఫైళ్లు ఉన్న గదిలో మాత్రం వీళ్లు ఒక్కరూ లేరు. పెట్టెలోని ఈలబుర్ర ఎలా మోగుతుందో గేటు దగ్గర కూర్చున్నాయనకు తెలుసు. అతన్ని ఎవరూ అడగలేదు, పైగా లోపల ఈల వేయొద్దని బోర్డు పెట్టారు.

నిరుడు వేసవిలో కొత్త అధికారి వచ్చింది, రాజ్యశ్రీ. బోనకల్ దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం, ముప్పై రెండేళ్లు, మ్యూజియం చదువు చదువుకున్నది. మంచి మనిషి. మంచిదే గానీ కంగారు మనిషి. వచ్చిన మూడో నెలలోనే ఒక శిక్షణ పెట్టించింది. మ్యూజియంలో పనిచేసే చోట అన్ని వర్గాలవాళ్లకూ స్థానం ఉండాలని, అందరి మాటా వినబడాలని దాని సారాంశం. పట్నం నుంచి ఒకాయన వచ్చి తెరమీద బొమ్మలు వేసి రెండు గంటలు మాట్లాడాడు. పొద్దున ఆ గదిలో కుర్చీలు వేసింది చాందే. పన్నెండు వేయమన్నారు, పన్నెండు వేసింది. శిక్షణ జరుగుతుంటే తలుపు బయట గచ్చుమీద కూర్చున్నది, టీ వేళకు లోపలికి పోవాలి కదా. నాకు ఇక్కడ ఒళ్లు మండుతుంది గానీ చాందికి మండలేదు. ఆమెకు అలవాటే.

టీ ట్రే పట్టుకుని లోపలికి వెళ్లేసరికి రాజ్యశ్రీ, సీనియర్ అసిస్టెంట్ వెంకటకృష్ణ, హైదరాబాద్ నుంచి వచ్చిన దీపిక ఒక మూల నిలబడి మాట్లాడుకుంటున్నారు. దీపిక పని పాత బట్టలు బాగుచేయడం. అంతకు ముందు రోజే ఏడో పెట్టె తెరిచి ఫేటియాను పనిగదిలోకి తీసుకుపోయారు. బట్ట చీకిపోతోందని, వెనకనుంచి గుడ్డ వేసి బలం ఇవ్వాలని దీపిక చెబుతోంది. పనిలో పనిగా పోయిన అద్దాల చోట కొత్తవి పెట్టేస్తానంది. నల్లదారం ఎవరో తర్వాత వేసిన మొరటు కుట్టులా ఉంది, విప్పేస్తానంది.

"ఎన్ని పోయాయి?" అని అడిగింది రాజ్యశ్రీ.

"నాలుగు."

ట్రే పట్టుకునే చాంది ఒక అడుగు ముందుకు వేసింది.

"మూడు" అంది చాంది.

ముగ్గురూ తిరిగి చూశారు. అలా చూస్తారని చాంది అనుకోలేదు, అసలు పైకి అన్నానని కూడా అనుకోలేదు. వెంకటకృష్ణ ఏందని అడిగాడు. ఏం లేదు సార్, అని కప్పులు బల్లమీద పెట్టి బయటికి వచ్చేసింది. తెరమీద అప్పటికి అందరి గొంతూ వినాలని రాసి ఉన్న బొమ్మ వెలుగుతోంది. దాన్ని చదివినవాళ్లు ఎవరూ ఆమె వెనక రాలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులు చాంది ఎలా గడిపిందో ఆమెకే సరిగా తెలియదు. పొద్దున్నే ఏడో పెట్టె దగ్గరికి పోతే అందులో ఏమీ లేదు. ఉత్త గాజు, దాంట్లో తన ముఖం, మొట్టమొదటిసారి మొత్తంగా. ఎండ వచ్చింది గానీ చుక్కలు రాలేదు, గది మామూలు గదిలా ఉంది. గాజులు తుడిచినవే తుడిచింది, ఊడ్చినచోటే ఊడ్చింది. ఫ్యాను వేస్తే కుచ్చుల చప్పుడు రాలేదు. బట్టలు తడిసిపోయేలా వాన పడుతున్నా తెలియకుండా గేటు దాకా నడిచింది. అన్నం తింటూ చెయ్యి ఆగిపోయేది. పగలే కళ్లు తెరుచుకుని కలగంది. ఆ కలలో యాడి తుమికి చెట్ల నడుమ ముందు నడుస్తూ ఉంటుంది. తను వెనక ఉంది. యాడి ముందు వైపే ఎప్పుడూ చూశాను కదా, వెనక ఏముందో చూద్దామని అడుగులు వేగంగా వేస్తుంది. ఎంత నడిచినా దగ్గర కాదు.

అవును. పెట్టెలో ఫేటియాను గోడకు ఆనించి వేలాడదీశారు. వెనక భాగం ఎన్నడూ ఎవరికీ కనబడలేదు. పదకొండేళ్లూ ముందు వైపు నుంచే లెక్కపెట్టి, నన్ను యాడి చంపుకోలేదని మురిసిపోయాను. వెనక ఉందన్నమాట నాలుగోది. నలుగురూ పోయిన్రని అని ఊరుకోలేదన్నమాట, కూర్చుని కుట్టింది. చాంది మనసులో ఈ మాట మళ్లీమళ్లీ తిరిగింది. చూడకుండా ఉండలేదు, చూసి తట్టుకోనూ లేదు. పైగా చూసేలోపే ఆ పట్నం పిల్ల నల్లదారాలన్నీ విప్పేసి తళతళలాడే అద్దాలు పెట్టేస్తుంది. అప్పుడు పోయిన ముగ్గురూ కూడా ఇంకోసారి పోతారు.

ఏమైందని గోప్యా అడిగాడు. నాలుగోది దొరికిందంట, అన్నది. గోప్యా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

సోమవారం మ్యూజియానికి సెలవు. ఆ రోజే పనిగది కడగాలి. చాంది బకెట్టుతో లోపలికి వెళ్లింది. పెద్ద బల్లమీద తెల్లగుడ్డ కింద ఫేటియా పరిచి ఉంది. పక్కన ఒక గిన్నెలో నాలుగు కొత్త గుండ్రటి అద్దాలు. ఊడ్చేవాళ్లు వస్తువులను ముట్టుకోకూడదు, అది మొదటి నియమం. చాంది బకెట్టు కింద పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, గుడ్డ తీసి, ఫేటియా అంచు పట్టుకుంది.

ముప్పై ఏళ్లయింది ఆ బట్ట తాకి. పొగ వాసన వస్తుందనుకుంది, రాలేదు. మందు వాసన వచ్చింది. అయినా కుట్ల గరుకు వేళ్లకు గుర్తుంది. చిన్నప్పుడు నిద్రపట్టడానికి ఆ అంచునే పట్టుకుని వేళ్లతో రాసేది.

"ఏం జేస్తున్నవ్?"

గుమ్మంలో వెంకటకృష్ణ, అతని వెనక దీపిక. వెంకటకృష్ణ చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్లుగా ఆ వస్తువుల తాళాలు మోస్తున్నవాడు, ఒక్క పూస పోయినా తనకే మెమో వస్తుందని భయపడి బతికేవాడు. చాంది చేతిలో ఆ అంచు చూసి అతని ముఖం ఎర్రబడిపోయింది. ఇన్నేళ్లు నమ్మితే ఇదా పని అన్నాడు, ఏజెన్సీకి రాయక తప్పదన్నాడు, రేపటి నుంచి రావద్దని కూడా అన్నాడు. చాంది అంచు వదల్లేదు. దీపిక భయపడి రాజ్యశ్రీకి ఫోను చేసింది.

రాజ్యశ్రీ క్వార్టర్స్ పక్కనే. పది నిమిషాల్లో వచ్చింది. వచ్చి చూసింది. కోపంగా ఏదో అనబోయి చాంది ముఖం చూసి ఆగిపోయింది. ఆ రోజు టీ ట్రే పట్టుకుని మూడు అన్న మనిషి ఈమే అని అప్పుడు గుర్తొచ్చింది. గోడ దగ్గరున్న కుర్చీ లాగి బల్ల పక్కన వేసింది.

"కూర్చోండి చాందమ్మా. ఆ రోజు మూడు అన్నారు. ఎందుకన్నారు?"

చాంది కుర్చీకేసి చూసింది. ఆ గదిలో ఆమె తుడవని కుర్చీ లేదు, కూర్చున్న కుర్చీ లేదు. అంచున కూర్చుంది.

"ఇది మా యాడిది మేడమ్."

తర్వాత అంతా చెప్పింది. పగిలిన నిలువుటద్దం, చింత బరికె, పోయిన ముగ్గురు, నల్లదారం, గోప్యా, తండా నడుమ అన్న మాట. మధ్యలో ఒకసారి దీపిక మంచినీళ్లు తెచ్చింది. వెంకటకృష్ణ తాళంచెవుల గుత్తి చేతిలో తిప్పుతూ తిప్పుతూ ఆపేశాడు. ఇరవై ఏళ్లుగా తన చేతిలో ఉన్న ఈ వస్తువు నంబరు, కొలత, సేకరించిన సంవత్సరం తప్ప ఇంకేమీ తనకు తెలియదని అతనికి ఆ క్షణంలో తెలిసింది. అది అతని ముఖంలో కనబడింది.

"నాకు వెనకదిక్కు చూడాలె మేడమ్. నాలుగోది చూడాలె. చూసినంక నన్ను పంపించినా సరే పోత."

దీపిక, రాజ్యశ్రీ ఇద్దరూ రెండు వైపులా పట్టుకుని ఫేటియాను మెల్లగా తిరగేశారు. నడుము పట్టీకి కాస్త కింద, కుచ్చుల మడతలో, దీపిక వేలితో చూపించింది. చాంది కళ్లు మూసుకుంది. మూసుకునే చెయ్యి చాపింది.

నల్లదారం తగల్లేదు.

వేలు మళ్లీ పెట్టింది. అద్దం పట్టడానికి చుట్టూ కుట్టే దారపు కట్టు తగిలింది. అది చెక్కుచెదరకుండా ఉంది. ఒక్క వైపు మాత్రం కుట్లు విప్పి, విప్పిన దారం ఊడిపోకుండా చివర చిన్న ముడి వేసి ఉంది. కళ్లు తెరిచి చూసింది. ఆకుపచ్చ దారం. యాడి ఆ చోటును మూయలేదు. అద్దాన్ని పదిలంగా తీసి, వాకిలి తెరిచి ఉంచినట్టు వదిలేసింది. చదువుకున్న దీపికకు నాలుగు చోట్లా అద్దం లేకపోవడమే కనబడింది. సూది పట్టిన తల్లి బిడ్డకు మాత్రం మూసిన చోటుకూ తెరిచి ఉంచిన చోటుకూ తేడా చేతికే తెలుస్తుంది.

అయినా అద్దం ఏమైనట్టు? చాంది వేలు ఆ కట్టు చుట్టూ తిరిగింది. ఒక మూల, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదు మూలలు, ఐదో మూల దగ్గర ఒక చిన్న నొక్కు. వేలు అక్కడ ఆగిపోయింది. ఆ నొక్కు ఆమె వేలికి తెలుసు.

కోటేష్ ఆమె కొడుకు. ఇప్పుడు మణుగూరు కాలనీలో ఉంటాడు, పెళ్లయింది. వాడు పుట్టిన మూడో నెలలో గాజులమ్మే ఒకామె వచ్చి ఒక చిన్న టోపీ ఇచ్చిపోయింది. ఎర్రగుడ్డ, గవ్వలు, నడినెత్తిన ఒకే ఒక అద్దం. ఎవరిచ్చిన్రని అడిగితే చెప్పొద్దన్నారని చెప్పి వెళ్లిపోయింది. పెద్దమ్మ పంపి ఉంటుందనుకుంది చాంది. పగిలిన అద్దం ముక్కలు ఆమె దగ్గరా ఉన్నాయి కదా, ఆమెకొక్కదానికే తనమీద జాలి కదా. పెద్దమ్మను అడుగుదామనుకుంటూ ఉండగానే పెద్దమ్మ పోయింది. ఆ టోపీ పెట్టుకునే కోటేష్ పాకాడు, దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరించాడు. అద్దం మూలన ఉన్న నొక్కు వాడి చిగురుకు తగిలి ఏడిస్తే, చాంది దాన్ని వేలితో ఎన్నిసార్లు తడిమి చూసిందో.

కుర్చీలో కూర్చున్న చాంది నవ్విందో ఏడ్చిందో ముగ్గురికీ అర్థం కాలేదు. రెండు చేతులతో ఫేటియా కుచ్చులు ముఖానికి అద్దుకుంది. ముట్టుకోవద్దని వెంకటకృష్ణ అనలేదు. తలుపు దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

మర్నాడు చాంది ఇనప్పెట్టె అడుగు నుంచి ఆ టోపీ తీసి, చీర కొంగులో చుట్టుకుని తెచ్చింది. అద్దాన్ని ఊడదీయనీయలేదు. టోపీని అలాగే తెచ్చి ఆ ఖాళీ చోటుమీద పెట్టింది. ఐదు మూలలూ కట్టులో కూర్చున్నాయి, నొక్కుతో సహా. కిటికీలోంచి ఎండ వచ్చి ఫేటియామీద, టోపీమీద ఒక్కసారే పడింది. గది నిండా చుక్కలు లేచాయి. ఒకటి రాజ్యశ్రీ నుదుటిమీద, ఒకటి వెంకటకృష్ణ తెల్లచొక్కామీద ఆడుతూ నిలిచాయి.

అద్దాన్ని తిరిగి అక్కడే కుట్టేద్దామా అని దీపిక మెల్లగా అడిగింది. గిన్నెలో కొత్త అద్దాలు ఆమె అప్పటికే పక్కకు తీసేసింది.

చాంది టోపీని మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"వద్దు బిడ్డా. మా యాడి ఇచ్చింది తిరిగి తీసుకోలె. ఆ జాగ గట్లనే ఉండనీ."

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. కానీ మ్యూజియం సర్కారుది, అక్కడ ఏదీ అంత జల్దీ అయిపోదు. చాందిని సహాయకురాలి పోస్టులోకి తీసుకోవాలని రాజ్యశ్రీ రాసింది. చదువు లేదు కదా అని పైనుంచి జవాబు వచ్చింది. మళ్లీ రాసింది. ఫైలు ఇంకా తిరుగుతూనే ఉంది. ఏజెన్సీకి పోవాల్సిన మెమో మాత్రం పోలేదు. వెంకటకృష్ణ దాన్ని చింపేశాడని గేటు దగ్గరాయన అంటాడు, వెంకటకృష్ణ ఒప్పుకోడు. అయితే రెండు సంగతులు మారాయి. ఏ వస్తువునైనా బాగుచేసే ముందు రాసే కాగితంలో రాజ్యశ్రీ ఒక గడి పెంచింది. ఈ వస్తువు ఎరిగిన మనిషిని అడిగామా, ఎవరిని అడిగాం, ఏం చెప్పారు అని. ఆ గడిలో మొదట పడిన పేరు చాంది. రెండోది గేటు దగ్గరాయనది. ఆయన మీటింగులో నిలబడి ఈలబుర్ర ఊది చూపించాడు, ఆ మర్నాడే బోర్డు తీసేశారు. ఇప్పుడు నెలకోసారి జరిగే మీటింగుకు పద్నాలుగు కుర్చీలు వేస్తారు. వేసేది ఇప్పటికీ చాందే అనుకోండి. కానీ వేశాక ఒకదాంట్లో తను కూర్చుంటుంది.

ఫేటియా మళ్లీ ఏడో పెట్టెలోకి వచ్చింది. ఈసారి గోడకు ఆనించలేదు, చుట్టూ తిరిగి చూసేలా నడిమధ్య నిలబెట్టారు. చీటీ కొత్తది. తెలియదు అన్న మాట పోయి సక్రి అని వచ్చింది. చాందికి చదువు రాకపోయినా ఆ రెండక్షరాలు ఎక్కడున్నాయో వెంకటకృష్ణ దగ్గర నేర్చుకుంది. గాజు తుడిచేటప్పుడు అక్కడ గుడ్డ కాస్త నెమ్మదిగా కదులుతుంది.

ఇప్పటికీ ఏడున్నరకే వస్తుంది. చీపురు గోడకు ఆనిస్తుంది. ఎండ లేచి, చుక్కలు గదిలో తేలుతుంటే పెట్టె చుట్టూ మెల్లగా నడుస్తుంది. కలలో లాగా కాదు, ఇప్పుడు యాడి వెనక్కి చేరుకోగలుగుతుంది. ముందు నిలబడి మూడు లెక్కపెడుతుంది. వెనక్కి వెళ్లి నాలుగు అంటుంది. అప్పుడు పని మొదలుపెడుతుంది.

మొన్న ఒక బడి నుంచి పిల్లలు వచ్చారు. రెండు జడలు వేసుకున్న ఒక పాప పెట్టె వెనకవైపు ముక్కు ఆనించి, అక్కడే బకెట్టు పిండుతున్న చాందిని పిలిచి అడిగింది. ఇక్కడ అద్దం పోయింది ఎందుకమ్మా అని.

చాంది చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చింది.

"పోలే బిడ్డా" అంది. "మా అమ్మ నాకు పంపింది."